ఎంత దూరమన్నది సొరచేపే తేల్చాలి

సముద్రంలో దిగి సొరచేపను చూశానని చెబితే మా తిరుపతిలో నన్ను అడిగేవి రెండే ప్రశ్నలు. మొదటిది, "కరవలేదా?" కరవలేదని తేలిపోగానే రెండోది, "మరి పట్టుకోనిచ్చిందా?" ఆఫీసులో అడిగారు, పెళ్ళిళ్ళలో అడిగారు, గాంధీ రోడ్డులో అంగడి ముందు నిలబెట్టి మరీ అడిగారు. అడిగినవాళ్ళను తప్పు పట్టను. టీవీలోనూ ఫోన్లోనూ పెద్ద సముద్ర జీవులు మనకు కనబడేది ఈ రెండు వేషాల్లోనే. అయితే నోరు తెరుచుకుని మీదికొచ్చే రాక్షసి, లేకపోతే మూతి నిమిరితే ఊరుకునే పెంపుడు జంతువు. తన పని తాను చూసుకుంటూ, మనిషిని ఎంతవరకు రానివ్వాలో తనే లెక్క వేసుకునే అడవి జంతువుగా దాన్ని చూపించేవాళ్ళు చాలా తక్కువ.

నా వాదన ఇదీ. నీళ్ళ కింద మనకూ దానికీ మధ్య ఎంత దూరం ఉండాలో తేల్చే హక్కు దానిది. డబ్బు కట్టినంత మాత్రాన ఆ హక్కు మనకు రాదు. డైవింగ్ వ్యాపారమూ, మనలాంటి పర్యాటకులమూ కలిసి ఆ దూరాన్ని కొనుక్కోవడం మొదలుపెట్టాం. అది ఆగాలి.

కొండ కింద ఊళ్ళో కూర్చుని నీకు సముద్రం సంగతి ఎందుకు అని కూడా అడుగుతారు. 2022 ఏప్రిల్లో జిల్లాలు విడదీసినప్పుడు సూళ్లూరుపేట, శ్రీహరికోట తిరుపతి జిల్లాలోకి వచ్చాయి, కాబట్టి మన జిల్లాకు ఇప్పుడు సముద్రం ఉంది. అదలా ఉంచినా, పెద్ద జంతువు పక్కన బతకడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. 2023 ఆగస్టులో అలిపిరి నడక దారిలో ఆరేళ్ళ పాపను చిరుత చంపేసింది. ఆ కొన్ని వారాలూ ఊరు ఊరంతా భయంతో ఉంది. పన్నెండేళ్ళ లోపు పిల్లలను మధ్యాహ్నం రెండు దాటాక నడక దారిలోకి పంపడం ఆపేశారు, నడిచేవాళ్ళ చేతికి కర్రలిచ్చారు. అంత పెద్ద దుఃఖం జరిగి ఏడాదైనా కాకముందే, 2024 ఫిబ్రవరిలో, ఇదే ఊళ్ళో జూ పార్కులో ఒక మనిషి సింహం ఉండే చోటికి దూకి ప్రాణం పోగొట్టుకున్నాడు. సెల్ఫీ కోసమని పత్రికలు రాశాయి. ఆ పాప ఏ తప్పూ చేయలేదు, దారిన నడుస్తోంది, అంతే. ఈ రెండు మరణాలనూ ఒక గాటన కట్టలేం. కానీ చిరుతంటే వణికిన ఊళ్ళోనే సింహంతో ఫోటో దిగాలన్న కోరిక కూడా పుట్టింది. పలమనేరు, కుప్పం వైపు రైతుల దగ్గర కూర్చుంటే మూడో దారి ఒకటి తెలుస్తుంది. ఏనుగుల గుంపు పొలంలో దిగితే ఎంత దూరంలో నిలబడాలి, గాలి ఎటు వీస్తోంది, గున్న ఉందా లేదా అన్నవి వాళ్ళకు పుస్తకం చూడకుండా తెలుసు. నష్టపోయి, కోపంలో ఉండి కూడా తెలుసు. డైవర్లు నేర్చుకోవలసిన చదువు అదే.

నేను డైవింగ్ నేర్చుకున్నది పుదుచ్చేరిలో. తిరుపతి నుంచి రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి అక్కడ ఉంటాం. నీళ్ళు చాలా రోజులు మసకగానే ఉంటాయి, చెయ్యి చాచితే వేళ్ళు కనబడడమే గొప్ప. సొరలను తీరుబడిగా చూసింది మాత్రం అండమాన్లో. స్వరాజ్ ద్వీప్, అంటే మునుపటి హేవ్‌లాక్, దగ్గర జానీస్ గార్జ్ అని డైవర్లు పిలిచే చోటు ఉంది. పడవ మీంచి చూస్తే నడి సముద్రం, ఏ గుర్తూ ఉండదు. ఇరవై మీటర్లు దాటి దిగాక రాతి గుట్టలు, వాటి మధ్య ఇసుక. వైట్ టిప్ రీఫ్ షార్కులు పగటిపూట అక్కడ రాళ్ళ కింద పడుకుని ఉంటాయి.

మమ్మల్ని దింపిన డైవ్ మాస్టర్ పోర్ట్ బ్లెయిర్ తెలుగు కుర్రాడు. తాతల నాడు శ్రీకాకుళం నుంచి వెళ్ళి స్థిరపడిన కుటుంబం. పడవ మీద సిలిండర్లు సరిచూసుకుంటూ మాకు చెప్పింది ఒక్కటే. "దాన్ని చూశాక మీరు ఆగిపోవాలండి. ముందుకి వెళ్ళకండి. మిమ్మల్ని ఎంతవరకు రానివ్వాలో అదే చూసుకుంటాది."

కిందికి దిగాక అతను అరచేతిని నిలువుగా నుదుటి మీద ఆనించి చూపించాడు. సొర ఉందని డైవర్ల సంజ్ఞ అది. ఒక రాతి చూరు కింద ఇసుక మీద పొట్ట ఆనించి పడుకుని ఉంది. మనిషంత పొడవు కనబడింది కానీ నిజానికి అంత ఉండదు. మాస్కు అద్దం, నీళ్ళు కలిసి దేన్నయినా మూడో వంతు పెద్దది చేసి చూపిస్తాయి. భయంతో వచ్చినవాళ్ళు పైకెళ్ళి చెప్పే కొలతల్లో ఈ మూడో వంతు తప్పకుండా కలిసి ఉంటుంది. బూడిద రంగు ఒళ్ళు, వీపు రెక్క కొసన, తోక పై కొసన తెల్లటి మచ్చ. కంటిపాప నిలువుగా సన్నటి చీలిక. ముక్కు పక్కన చిన్న చర్మపు మడతలు. నేను చూపు తిప్పుకోలేకపోయింది మొప్పల మీది నుంచి. సొర కదలకపోతే చచ్చిపోతుందని చాలామంది అనుకుంటారు. కొన్ని జాతులకు అది నిజమే, ఈదుతూ ఉంటేనే వాటి మొప్పల్లోకి నీళ్ళు పారతాయి. ఈ జాతి మాత్రం పడుకునే నోటితో నీళ్ళు లాగి మొప్పల్లోంచి వదలగలదు. తల పక్కన అయిదు చీలికలూ ఒకదాని తర్వాత ఒకటి తెరుచుకుని మూసుకుంటున్నాయి. నీలం చారల చిన్న చేప ఒకటి వచ్చి ఆ చీలికల అంచుల్లో ఏదో ఏరుకు తింటోంది. సొర దాన్ని ఏమీ అనలేదు.

మా గుంపులో ఒకాయన కెమెరా కర్ర చాచి రెండు గజాలు ముందుకు జరిగాడు. సొర లేచింది. కోపం లేదు, తొందరా లేదు. తోక ఒక్కసారి ఊపి రాతి అవతలికి వెళ్ళిపోయింది, ఆ డైవ్‌లో మళ్ళీ కనబడలేదు. పైకొచ్చాక ఆయన వీడియో అందరికీ చూపించాడు. డైవ్ మాస్టర్ చూడలేదు. "రాత్రంతా వేటాడొచ్చి పడుకునే చోటండి అది" అని మాత్రం అన్నాడు.

రాత్రంతా ప్రయాణం చేసొచ్చి మన బస్టాండులో మూట తల కింద పెట్టుకుని నడుం వాల్చిన యాత్రికుణ్ణి తట్టి లేపి, ఫోటో తీసుకుని, పొమ్మన్నట్టుంది నాకు. ఒక్కరోజుకు ఒక్కరు చేస్తే పెద్ద విషయం కాకపోవచ్చు. సీజన్లో అదే రాతి దగ్గరికి రోజూ పడవల తర్వాత పడవలు వస్తాయి.

భయం సంగతి తేల్చేద్దాం, దాని మీద ఎక్కువ రాయక్కర్లేదు. ప్రపంచంలో సొరకాట్ల లెక్క రాసేది ఫ్లోరిడా మ్యూజియం వాళ్ళు. మనిషి కవ్వించకుండా సొర కరిచిన సంఘటనలు 2024లో ప్రపంచం మొత్తం మీద 47, వాటిలో చనిపోయినవాళ్ళు నలుగురు. 2023లో 69, పదిమంది. వాళ్ళలో ఎక్కువమంది నీటి పైభాగంలో ఈదేవాళ్ళు, అలల మీద సర్ఫింగ్ చేసేవాళ్ళు. డైవర్ల ప్రాణాలు తీసేవి గుండె జబ్బు, సిలిండర్లో గాలి అయిపోవడం, కంగారుపడి వేగంగా పైకి లేచిపోవడం. మా డైవ్ మాస్టర్లు నిజంగా భయపడే చేప ఒకటుంది, అది టైటాన్ ట్రిగ్గర్ ఫిష్. పెద్దదైనా ముప్పావు మీటరు మించదు. గుడ్లు పెట్టిన కాలంలో తన గూడు పైన ఉన్న నీళ్ళన్నీ తనవే అనుకుంటుంది, అడుగు నుంచి పైకి వెడల్పయ్యే గరాటు ఆకారంలో. దానికి భయపడి పైకి ఈదితే ఇంకా ఆ గరాటులోనే ఉంటాం, అది ఇంకా తరుముతుంది. పక్కకి తప్పుకుంటే వదిలేస్తుంది. పళ్ళు గట్టివి, కాలి ఫిన్ కొరికితే ముక్క ఊడి వస్తుంది. మా ఊళ్ళో ఎవరూ ఈ చేప గురించి అడగరు.

సొర కూడా ముందుగా హెచ్చరిస్తుంది. గ్రే రీఫ్ షార్క్ అని ఇంకో జాతి ఉంది. దాన్ని మూలకు నెట్టినా, వెంటాడినా, తప్పించుకునే దారికి అడ్డం నిలబడినా ఒక రకంగా ఈదడం మొదలుపెడుతుంది. వెన్ను వంచుతుంది, మూతి పైకెత్తుతుంది, పక్క రెక్కలు కిందికి దించుతుంది, ఒళ్ళంతా మెలితిప్పుతూ చుట్టూ తిరుగుతుంది. జాన్సన్, నెల్సన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1973లోనే దీన్ని వివరంగా రాశారు. ఆ ఈత కనబడ్డాక వెనక్కి తగ్గాలి. తగ్గకపోతే కరవచ్చు. ఇంత స్పష్టంగా హద్దు చెప్పే జంతువును క్రూరమృగం అంటాం, చెప్పినా వినకుండా మీదికెళ్ళిన మనిషిని ధైర్యవంతుడంటాం.

ఇక రెండో ప్రశ్న, పట్టుకోనిచ్చిందా అన్నది. నాకు అసలు బెంగ దీని గురించే. డైవర్లు సొర మూతి నిమిరితే అది మత్తులో పడినట్టు నిశ్చలంగా ఉండిపోయే వీడియోలు మీరు చూసే ఉంటారు. కింద వందల మంది ప్రేమ అనీ నమ్మకం అనీ రాస్తారు. సొర మూతి నిండా సన్నటి రంధ్రాలుంటాయి, లోపల జిగురు లాంటి పదార్థం. 1678లో వీటిని వివరించిన లోరెంజిని అనే శాస్త్రవేత్త పేరే వాటికి పెట్టారు. ఇసుకలో దాక్కున్న చేప కండరాలు కదిలినప్పుడు పుట్టే లేశమంత విద్యుత్తును కూడా పసిగట్టే అవయవాలవి. మనకు కన్ను ఎంతో దానికి ఆ మూతి అంత. కొన్ని జాతుల్లో అక్కడ రుద్దితే, లేదా వెల్లకిలా తిప్పితే, ఒళ్ళు సడలిపోయి కదలకుండా అయిపోతుంది. దాన్ని ప్రేమ అనడానికి నాకు ఏ ఆధారమూ కనబడదు.

మేత వేయడం ఇంకా పెద్ద సమస్య. ఫిలిప్పీన్స్‌లో సెబు ద్వీపం మీద ఓస్లోబ్ అనే ఊరుంది. తిమింగల సొర అంటే ప్రపంచంలోకెల్లా పెద్ద చేప, బస్సు కన్నా పొడుగు పెరుగుతుంది, తినేది మాత్రం కంటికి ఆననంత చిన్న జీవులు, చేప గుడ్లు, చిన్న చేపలు. 2011 ప్రాంతంలో ఓస్లోబ్ జాలర్లు వాటికి రొయ్య పొట్టు మేతగా వేసి ఒడ్డు దగ్గరికి రప్పించడం మొదలుపెట్టారు. చూడ్డానికి లక్షల మంది వచ్చారు. సముద్రాలు దాటి తిరిగే జీవుల్లో కొన్ని నెలల తరబడి అక్కడే ఉండిపోయాయని పరిశోధకులు గమనించారు. పడవ అంటే మేత అని అలవాటు పడడంతో వాటి ఒంటి మీద పడవలకు తగిలిన గాయాల మచ్చలు పెరిగాయి. ప్రొద్దున్నే టికెట్ కొని, లైఫ్ జాకెట్ వేసుకుని దిగిన మనిషికి గ్యారంటీగా తిమింగల సొర దొరుకుతుంది. ఆ గ్యారంటీ ఖర్చు భరిస్తున్నది ఆ జీవి.

ఈజిప్టులో షర్మ్ ఎల్ షేక్ దగ్గర 2010 చివర్లో కొద్ది రోజుల తేడాలో సొరలు పర్యాటకులను వరసగా కరిచాయి, ఒక జర్మన్ మహిళ చనిపోయింది. నిపుణులు చెప్పిన కారణాల్లో పశువుల ఓడల నుంచి చచ్చిన గొర్రెలను సముద్రంలో పడేయడం ఉంది, చేపలు మితిమీరి పట్టడం ఉంది, సొరలకు మేత వేసి చూపించే డైవింగ్ కూడా ఉంది. మనిషి వచ్చాడంటే తిండి వచ్చినట్టే అని ఒక పెద్ద జంతువుకు నేర్పినవాళ్ళు ఒకరు. దాని ఫలితం అనుభవించేది ఇంకొకరు, ఈదుతున్న ఎవరో. అలిపిరి దారి పక్కన చెత్త వేయవద్దని అటవీ శాఖ వాళ్ళు గొంతు చించుకునేది కూడా ఇందుకే కదా. తినుబండారాల కోసం కుక్కలూ జింకలూ దారి పక్కకి చేరితే వాటి వెనకాలే చిరుత వస్తుంది.

ఇక్కడ నా వాదనకు ఎదురు చెప్పేవాళ్ళున్నారు, వాళ్ళ మాటలో బలముంది. పలావ్ అనే చిన్న దీవుల దేశం 2009లో తన సముద్రమంతా సొరలకు అభయారణ్యంగా ప్రకటించింది, ప్రపంచంలో అదే మొదటిది. అక్కడి ఒక సొర తన జీవితకాలంలో డైవర్ల ద్వారా దాదాపు 19 లక్షల డాలర్ల ఆదాయం తెస్తుందనీ, అదే చంపి అమ్మితే 108 డాలర్లనీ ఆస్ట్రేలియా పరిశోధకులు లెక్క కట్టారు. బతికున్న సొరకు విలువ ఉందని ప్రభుత్వాలకు అర్థమయ్యే భాషలో చెప్పిన లెక్క అది. ఫిజీలో బేకా లగూన్ దగ్గర బుల్ షార్కులకు మేత వేసే చూపిస్తారు. అక్కడ డైవర్ కట్టే రుసుములో భాగం ఆ రీఫ్ మీద, అంటే పగడపు దిబ్బ మీద, సంప్రదాయ హక్కున్న పల్లెలకు వెళ్తుంది, వాళ్ళు ఆ చోట చేపలు పట్టడం మానుకున్నారు. ఫిజీ పల్లెల వాళ్ళను నేను నిందించను. చంపడానికీ మేపడానికీ మధ్య ఎంచుకోమంటే మేపడమే నయం. కానీ అండమాన్లోనూ, కర్ణాటక నేత్రాణి దీవి దగ్గరా, పుదుచ్చేరిలోనూ మనం ఆ ఇరకాటంలో లేం. ఇక్కడ ఇంకా సొర తనంతట తాను వచ్చి, తనంతట తాను పోయే డైవింగే ఉంది. అది ఉన్నప్పుడే కాపాడుకోవాలి. ఒక్క షాపు మేత మొదలుపెట్టి గ్యారంటీ అని బోర్డు పెడితే పక్క షాపులు ఊరుకోవు. పర్యాటకుడు గ్యారంటీ ఉన్న చోటికే వెళ్తాడు.

పట్టుకోవడం, మేపడం గురించి ఇంత రాసి చంపడం గురించి రాయకపోతే అన్యాయం. మనుషులు ఏటా చంపే సొరలు సుమారు 10 కోట్లని 2013లో వచ్చిన ఒక అంచనా. నడి సముద్రంలో తిరిగే సొరలు, టేకు చేపల సంఖ్య 1970 నుంచి 71 శాతం పడిపోయిందని 2021లో నేచర్ పత్రికలో వచ్చింది. సొరలు బాగా వయసొచ్చాక గానీ పిల్లల్ని కనవు, చాలా జాతులు కనేదీ కొద్ది పిల్లలనే. తిమింగల సొర ఈడుకు రావడానికే పాతికేళ్ళ పైన పడుతుంది. పట్టినంత వేగంగా అవి పుట్టవు. సొరలు ఎక్కువగా పట్టే దేశాల్లో మనది ముందు వరసలో ఉంది. రెక్కలు కోసి ఒంటిని నీళ్ళలో పడేయడాన్ని 2013లో మన ప్రభుత్వం నిషేధించింది, 2015లో రెక్కల ఎగుమతి ఆపింది.

మన వంటింట్లోనూ సొర ఉంది. తిరుపతిలో చేపల అంగళ్ళకు నెల్లూరు, చెన్నై వైపు నుంచి సరుకొస్తుంది, అందులో అప్పుడప్పుడూ పాలసొర. ఇంట్లో కాన్పు అయిందంటే పెద్దవాళ్ళు దాని కోసం ముందే చెప్పి పెడతారు. మా చెల్లెలికి బిడ్డ పుట్టినప్పుడు మా పెద్దమ్మ సొరపుట్టు చేస్తుంటే పక్కనే ఉన్నాను. ముక్కల్ని పసుపు నీళ్ళలో ఉడకబెట్టి, తోలు ఒలిచి, చేత్తో మెదిపి, నీళ్ళు గట్టిగా పిండేస్తుంది. ఆ తోలు తల నుంచి తోక వైపు నిమిరితే నున్నగా ఉంటుంది, ఎదురు నిమిరితే వేలు గీసుకుపోతుంది. దాని మీద ఉన్నవన్నీ పంటి లాంటి సన్నటి పొలుసులు. తర్వాత బాణలిలో ఎర్రగడ్డలు, చాలా తెల్లగడ్డలు, పచ్చిమిర్చి, కరివేపాకు వేసి పొడిపొడిగా అయ్యేదాకా వేపుతుంది. తెల్లగడ్డ అంత ఎందుకంటే వాసన కోసం. సొర ఉప్పు నీళ్ళలో బతకడానికి ఒంట్లో యూరియా నిలవ చేసుకుంటుంది. చచ్చాక అది అమోనియా అవుతుంది, ఘాటు అక్కడిది.

బాలింతకు పాలు పడతాయన్నది నమ్మకం. కానీ సొర వేటాడి తినే చేప, చిన్న చేపల్లోని పాదరసమంతా దాని ఒంట్లో పోగవుతుంది. గర్భిణులు, పాలిచ్చే తల్లులు తినకూడని చేపల్లో సొర ఒకటని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ స్పష్టంగా చెబుతోంది. ఆ మాటే చెప్పాను.

"మా యమ్మ పెట్టింది, నేను తింటి, నీ చెల్లెలికీ పెడతా ఉండా. మాకేమయింది రా?" అంది పెద్దమ్మ.

"ఏమీ కాలేదు పెద్దమ్మా. కానీ డాక్టరమ్మను ఒకసారి అడుగు. అంతవరకు కవళ్ళు పెట్టు, అవి చిన్న చేపలు."

అడిగింది. ఆ కాన్పుకు మళ్ళీ సొర రాలేదు. మా ఇంట్లో మాట మార్చడానికి ఒక డాక్టరు చాలు. తీరంలో వల వేసి బతికే కుటుంబానికి ఆ మాట చెప్పడం వేరు. డైవింగ్‌కు ఒక్కరోజుకు నేను కట్టే డబ్బు చేతిలో పెట్టుకుని, దొరికిన చేపను వదిలేయమని వాళ్ళకు నీతి చెప్పే అర్హత నాకు లేదు. అందుకే గుజరాత్ జాలర్ల కథ నాకు అన్నింటికన్నా గొప్పగా అనిపిస్తుంది.

వేరావళ్, మంగ్రోల్ తీరంలో ఒకప్పుడు తిమింగల సొరలను గాలాలతో వందల కొద్దీ చంపేవాళ్ళు. దాని కాలేయం నూనె పడవలకు నీరు పట్టకుండా పూయడానికి పనికొచ్చేది, తర్వాత మాంసం ఎగుమతి మొదలైంది. 2001లో దాన్ని వన్యప్రాణి రక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు, ఆ రక్షణ దొరికిన మొదటి చేప అదే. చట్టం వచ్చినా తీరంలో చాలామందికి తెలియదు. 2004లో అటవీ శాఖ, వైల్డ్‌లైఫ్ ట్రస్ట్ ఆఫ్ ఇండియా, టాటా కెమికల్స్ కలిసి ప్రచారం మొదలుపెట్టాయి. రామకథ చెప్పే మొరారి బాపు జాలర్లకు చెప్పింది తేలికైన మాట. ఈ చేప కాన్పుకు పుట్టింటికి వచ్చిన ఆడపడుచు, ఆమెను చంపుతామా అని. వలలో తిమింగల సొర పడితే జాలర్లు వలనే కోసి వదిలేయడం మొదలుపెట్టారు. తెగిన వలకు అటవీ శాఖ పరిహారం ఇస్తుంది. ఇప్పటిదాకా వందల కొద్దీ అలా సముద్రంలోకి తిరిగి వెళ్ళాయి. మన వైపు కూడా 2021 డిసెంబరులో విశాఖ దగ్గర తంతడి తీరంలో వలలో పడ్డ తిమింగల సొరను జాలర్లు, అటవీ శాఖ వాళ్ళు కలిసి మళ్ళీ లోతు నీళ్ళలోకి పంపించారు. వల తెగితే ఆ రోజు పోతుంది, కొన్నిసార్లు ఆ వారం పోతుంది. అంత పోగొట్టుకుని వాళ్ళు సొరను వదిలేస్తున్నారు. మనం ఫోటో కోసం రెండు గజాలు వదులుకోలేమా?

నాగలాపురం వేదనారాయణ స్వామి గుడికి తిరుపతివాళ్ళు చాలామంది వెళ్ళే ఉంటారు. మార్చిలో మూడు రోజులు సూర్యకిరణాలు స్వామిని తాకుతాయని రద్దీ ఎక్కువ. గర్భగుడిలో స్వామి నడుము దాకా విష్ణువు, కింద చేప. ఆ అవతారం కథలో నాకు ఇష్టమైన భాగం వేదాలు తేవడం కన్నా ముందుది. దోసిట్లోకి వచ్చిన చేపపిల్లను రాజు కమండలంలో వేస్తాడు, అది కమండలం పట్టనంత పెరుగుతుంది. కొలనులో వేస్తాడు, అది చాలదు. చెరువు చాలదు. చివరికి సముద్రంలో విడిచిపెట్టాల్సి వస్తుంది. తిమింగల సొరలను పెద్ద పెద్ద అద్దాల తొట్లలో పెట్టి చూపించే అక్వేరియంలు అమెరికాలో, జపాన్‌లో ఉన్నాయి. అక్కడికి వెళ్ళొచ్చిన మిత్రులు అద్భుతం అంటారు. నాకు వెళ్ళాలని లేదు. సముద్రాలు దాటి తిరిగే జీవికి ఏ తొట్టి సరిపోతుంది?

ఆస్ట్రేలియాలో నింగలూ రీఫ్ దగ్గర వేరే పద్ధతి ఉంది. తిమింగల సొర కనబడితే ఒక విడతకు నీళ్ళలో పదిమందికి మించి దిగకూడదు. ఒంటికి మూడు మీటర్లు, తోకకు నాలుగు మీటర్ల దూరం. తాకకూడదు, ఫ్లాష్ కొట్టకూడదు, దారికి అడ్డం పోకూడదు. మేత లేదు. అది లోతుకు వెళ్ళిపోతే ఆట ముగిసినట్టే. అలా చేసి కూడా అక్కడ ఏళ్ళుగా వ్యాపారం బాగానే నడుస్తోంది. మన దేశంలో డైవింగ్ షాపులు ఈ కొలతలు రాసి గోడకు అంటించుకోవడానికి పైసా ఖర్చు లేదు.

డైవింగ్‌కు వెళ్తున్నామని ఊరివాళ్ళు ఫోన్ చేసినప్పుడు డబ్బు కట్టే ముందు షాపును కొన్ని సంగతులు అడగమంటాను. జంతువులకు మేత వేస్తారా? ఎవరైనా తాకితే ఏం చేస్తారు? పడుకున్న సొర దగ్గరికి ఒకసారికి ఎంతమందిని తీసుకెళ్తారు? చివరగా, సొర కనబడుతుందా అని అడగండి, ఏం చెబుతారో వినండి. ఒక చోట నాకు "హండ్రెడ్ పర్సెంట్ గ్యారంటీ సర్, కనబడకపోతే డబ్బు వాపస్" అన్నారు. ఇంకో చోట ఫోనెత్తిన అమ్మాయి, "కనబడితే మన అదృష్టమండీ. కనబడకపోతే పగడాలు చూసొద్దాం, తాబేళ్ళుంటాయి" అంది. రెండో చోట బుక్ చేసుకున్నాను.